పటంలోంచి దిగి వచ్చిన అమ్మ

ఆ పిల్లను నేనే తెచ్చుకుని పెంచుకోవాలనుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులో కూడా రాసుకోలేదు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు, పెళ్లి కాలేదు. ఇంట్లో చెబితే ముందు నవ్వేవాళ్లు, ఆ తర్వాత కంగారుపడేవాళ్లు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. పొద్దున ద్వారకా నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్లేదాన్ని. మధ్యాహ్నం బస్సెక్కి వన్‌టౌన్‌లో అనాథ పిల్లల హోమ్‌కి వెళ్లి అక్షరాలు దిద్దించేదాన్ని. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. చదివిన పుస్తకాల గురించి కూడా ఎవరికీ చెప్పను. ఎందుకు మాట్లాడవని అడగనిది ఆ నాలుగేళ్ల పిల్లొక్కతే. నేను గోడకి ఆనుకుని చదువుకుంటుంటే వచ్చి ఒళ్లో కూర్చుని, పేజీ మీద వేలు పెట్టి, "ఇక్కడ సేప ఉంది, ఇక్కడ పడవుంది" అని తనూ చదివేది. ఆ పేజీలో చేపా ఉండేది కాదు, పడవా ఉండేది కాదు. నేను సరిదిద్దేదాన్ని కాదు.

ఆ పిల్లను దూరదేశంలో ఉండే భార్యాభర్తలెవరో దత్తత తీసుకుంటున్నారని కబురొచ్చింది. మంచు కప్పిన ఇంటి ముందు ఇద్దరూ నిలబడి తీయించుకున్న ఫోటో పంపారు. హోమ్ నడిపే మేడమ్ దానికి ఫ్రేము కట్టించి, పిల్లకి రోజూ చూపించమని ఆయాకి ఇచ్చారు. ఆయా భీమిలి వైపు చేపలు పట్టేవాళ్ల ఇంటి మనిషి. పిల్లలు లాగి పగలగొడతారని ఫోటోని వంటింట్లో దేవుళ్ల గూట్లో, అమ్మవారి పటం పక్కన పెట్టింది. అక్కడ పెట్టాక ఒట్టిగా ఉంచడానికి మనసొప్పలేదేమో, అద్దం మీద బొట్టు పెట్టింది. ఒక మందారం కూడా పెట్టేది. పొద్దున్నే స్నానం కాగానే పిల్లని ఎత్తుకుని చూపించేది.

"దండవెట్టు. ఆ అమ్మే వచ్చి నిన్ను తీసుకెల్తాది."

పిల్ల కళ్లు మూసుకుని దండం పెట్టేది. అరచేయి చాస్తే పటికబెల్లం ముక్క పడేది. అందులో తప్పేమీ మాకెవరికీ తోచలేదు. రోజూ చూస్తున్న నాకూ ముచ్చటగానే ఉండేది.

వాళ్లు వచ్చే రోజు మాటలు అటూ ఇటూ చెప్పడానికి మేడమ్ నన్ను రమ్మన్నారు. ఇంగ్లీషు పుస్తకాల్లో చదవడమే గాని, పరాయి దేశం మనిషితో నేనెప్పుడూ మాట్లాడలేదు. అదృష్టం కొద్దీ వాళ్లకీ ఇంగ్లీషు సొంత భాష కాదు. తడుముకుంటూనే మాట్లాడుకున్నాం.

ఆమె ఫోటోలో కంటే పొడుగు. ఎండకి ముక్కు ఎర్రగా కమిలిపోయింది. ఆయన చేతిలో గుడ్డతో కుట్టిన ఎలుగుబంటి బొమ్మ. "అమ్మ వచ్చింది" అని నేనే పిల్లని వరండాలోకి తీసుకొచ్చాను. పిల్ల ఆమెను చూసి ఆగిపోయింది. కళ్లు మూసుకుని చేతులు జోడించింది. ఆమె అది నమస్కారమనుకుని తనూ చేతులు జోడించింది, కళ్లు తుడుచుకుంది. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాచింది. పిల్ల దగ్గరికి రాలేదు. కుడిచేతి కింద ఎడమచెయ్యి పెట్టి అరచేయి చాపింది. ఆమె బొమ్మని ఆ చేతిలో పెట్టి, ఆగలేక పిల్లని దగ్గరికి లాక్కుంది.

పిల్ల కర్రలా బిగుసుకుపోయి కేక పెట్టింది. విడిపించుకుని వంటింట్లోకి పరిగెత్తి ఆయా చీరలో మొహం దాచుకుంది.

"పటంలోంచి దిగొచ్చేసింది మామ్మా! నన్నేటి సేత్తాది?"

ఆయా నుదురు కొట్టుకుంది. "ఓలమ్మో! నాను సేసిన పనే ఇది టీచరమ్మా. దేవుళ్ల మజ్జిన ఎట్టేసినాను. దేవుడు కిందకి దిగొత్తే పెద్దోలమే బెదిరిపోతాం, పసిదెంత?"

"ఫోటో రోజూ చూపించమన్నది ఇందుకా?" అన్నారు మేడమ్, వెనకాలే వచ్చి.

"సూపించినానమ్మా! దండం కూడా ఎట్టించినాను."

వచ్చీరాని ఇంగ్లీషులో సంగతి నేనే వాళ్లకి చెప్పాను. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. "అయితే నా దగ్గరికి ఎప్పటికీ రాదా?" అని అడిగింది. తెలియదన్నాను. పిల్ల రానంటే వీళ్లు వట్టి చేతులతోనే వెళ్లిపోతారేమో అనుకున్నాను.

భోజనాల గదిలో వాళ్లకీ నాకూ చేపల పులుసు వడ్డించారు. అందులో నిలువునా చీల్చి వేసిన పచ్చిమిరపకాయని ఆమె ఏదో కూర ముక్క అనుకుని కొరికింది. దగ్గు ఆగలేదు. కళ్లూ ముక్కూ కారిపోతున్నాయి. వంటింటి గుమ్మం దగ్గర ఆయా కొంగు పట్టుకుని పిల్ల తొంగి చూసింది.

"మామ్మా, అమ్మోరు ఏడుత్తంది."

"ఏడుపు కాదే, కారం."

"అమ్మోరికి కారం తగుల్తాదేటి?"

"అమ్మోరు కాదే, మనిసే. ఆ ముక్కు సూడు, నీ ముక్కునాగే కారతంది."

పిల్ల ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి ఆ ముక్కు వైపే చూసింది. పకపకా నవ్వింది. స్టీలు గ్లాసుతో నీళ్లు రెండు చేతులా పట్టుకుని, సగం ఒలకబోసుకుంటూ తెచ్చి ఇచ్చింది. ఆమె తాగాక తన గౌను అంచుతో ఆమె ముక్కు తుడిచింది. ఆమె ఈసారి చేతులు చాచలేదు, ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు. పిల్లే బల్ల ఎక్కి ఆమె పక్కన కూర్చుంది.

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

"ఏటి టీచరమ్మా, అన్నం ముట్టనేదు?" ఆయా నా కంచం తీస్తూ అడిగింది.

"ఆకలి లేదు."

"నాకూ నేదు," అంది.

కాగితాల పని అయ్యేదాకా వాళ్లు రోజూ వచ్చారు. పిల్ల గేటు దగ్గర ఎదురుచూడడం మొదలుపెట్టింది. నా ఒళ్లో పుస్తకం ఒక్కటే ఉండేది.

తీసుకెళ్లే రోజు ఆయా బయటికి రాలేదు. తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను కారుదాకా వెళ్లాను. పిల్ల కొత్త బూట్లతో ఇద్దరి మధ్యా కూర్చుంది. వీధిలో పోతున్న లారీని చూపించి మన భాషలోనే ఏదో చెబుతోంది. ఆమె అర్థం కాకపోయినా ప్రతి మాటకీ తలాడిస్తోంది. పిల్లకి చెప్పాలని కొన్ని మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పిల్ల ఆమె మీదుగా వంగి నా వైపు చూసింది.

"తలుపేసెయ్యి టీచర్. మాయమ్మకి ఎండ కొడతంది."