పురాణం అంచున పెన్సిల్ రాత

నిన్న మహబూబాబాద్‌లో నా చిన్ననాటి స్నేహితురాలు పద్మ ఇంట్లో ఒక పాత పుస్తకం తెరిస్తే గుప్పున ఇంగువ వాసన వచ్చింది. మరిపెడలో వాళ్ల నాయిన తమ కిరాణా దుకాణంలో కూర్చుని చదివిన పురాణం అది, తేట తెలుగు వ్యాఖ్యానంతో సహా.

మన ఇళ్లలో పురాణం ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది, గుర్తుందా? దానికి బొట్లు పెట్టడమే గానీ విప్పి చదివింది లేదు. ఆయన మాత్రం కథలా చదివి పద్మను అడిగేవాడు: "యుద్ధానికి పోయే కొడుకుతోని తల్లి ఒక్క మాట గూడ అనలె. ఎందుకంటవ్ బిడ్డా?" పద్మ చెప్పిన జవాబును పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకునేవాడు. పప్పు పొట్లం పట్టుకుని నేను పక్కన నిలబడి కుళ్లుకునేదాన్ని. మా బాపు నన్ను ఏనాడూ అలా అడగలేదు.

నిన్న ఆ పేజీ దొరికింది. "మాట్లాడితే ఏడుపొస్తదని. పద్మ అన్నది."

ఆ జవాబు నాది. ఆ రోజు పద్మకేమీ తోచకపోతే నేనే చెవిలో చెప్పాను.

"గింత మంచిగ నేనన్ననా? నాకైతే యాదికి లేదే," అని పద్మ మురిసిపోయింది. నేను పుస్తకం మూసి తన చేతికిచ్చాను.

ఇంటికొచ్చి, ఇన్నేళ్లకు మొదటిసారి, మా ఎర్రగుడ్డ విప్పాను. పేజీల అంచులన్నీ తెల్లగా ఉన్నాయి.