గురుగ్రహం పక్కన వంగిన గీత

2023 చలికాలం. హనుమకొండలోని ఒక కంటి క్లినిక్‌లో నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. అంటే డాక్టర్ చూసేముందు చూపు పరీక్షించి, అద్దాల నంబరు తేల్చే మనిషిని. అక్షరాలు మసగ్గా ఉన్నాయనో, తల నొస్తోందనో వచ్చేవాళ్లే ఎక్కువ. శారద టీచర్ చెప్పినటువంటి బాధ నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు.

ఆమె మడికొండ అవతల ఒక బడిలో సైన్స్ చెప్పేది. యాభై దాటింది. చిన్నప్పటి నుంచి పెద్ద మైనస్ నంబరు. భర్త సుదర్శన్ గారికి వరంగల్‌లో బట్టల దుకాణం. ఇద్దరూ కలిసే వచ్చారు.

"ఏమైతాంది టీచర్?"

"గురుగ్రహానికి నాలుగు పెద్ద చందమామలుంటయ్ గద చెల్లె. టెలిస్కోపుల చూస్తే అన్నీ ఒక్క గీత మీదున్నట్టే కనపడ్తయ్. ఏండ్ల సంది పిల్లలకు చూపెడుతున్న. మొన్న కుడికన్నుతోని చూస్తే గీత నడుమ వంగింది. ఎడమ కన్ను పెడితే మల్ల సక్కగనే ఉంది."

భర్త నవ్వాడు. "చందమామలు వంకరపోయినయట మేడం! బడిల చెప్పింది సాలక ఇంట్ల గూడ గదే పని."

నాకు నవ్వు రాలేదు. ఆమ్స్‌లర్ గ్రిడ్ అని ఒక కార్డు ఉంటుంది. దాని నిండా గళ్లు, మధ్యలో చుక్క. ఎడమ కన్ను మూసి చుక్కనే చూడమన్నాను.

"నడుమ గళ్లు కుంగినయ్" అంది.

ఓసీటీ తీశాం. కంటి వెనక పొరను కోసి చూపినట్టు చూపే స్కాన్ అది. మాక్యులా కింద నీరు చేరింది. మాక్యులా ఆ పొరకు, అంటే రెటీనాకు, నడిమి భాగం. చదవాలన్నా, ముఖాలు గుర్తుపట్టాలన్నా అదే దిక్కు. పెద్ద మైనస్ నంబరున్న కొందరికి అక్కడ చెడ్డ రక్తనాళాలు పుట్టి కారుతాయి. డాక్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు: కంట్లో ఇంజెక్షన్లు వెంటనే మొదలుపెట్టాలి, ఆలస్యమైతే మచ్చ కడుతుంది, ఆ మచ్చ ఇక పోదు.

నేనైతే ఆమె అదృష్టవంతురాలనే అనుకున్నాను. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒకదాని లోపాన్ని మరొకటి కప్పేస్తుంది. టెలిస్కోపుకు ఒక్క కన్నే పెడతాం కాబట్టి ఇంత త్వరగా బయటపడింది.

సుదర్శన్ గారికి అది వేరేలా అర్థమైంది. "కంట్ల సూది పొడుస్తరా? రోజూ గా గొట్టంల కన్ను పెట్టవట్టే గిట్లయింది. అది బంజేస్తే సాలు."

"దానివల్ల రాలేదు సార్. దానివల్లనే తెలిసింది."

"నా పెండ్లాం సంగతి నాకు తెల్వదా మేడం?"

"రేపు వస్త చెల్లె" అంది టీచర్, వెళ్తూ వెళ్తూ. రాలేదు. ఫోన్ చేస్తే ఆయనే ఎత్తేవాడు. ఎవరో ఇచ్చిన చుక్కల మందు వేస్తున్నామనేవాడు, పెండ్లిండ్ల గిరాకీ అనేవాడు.

ఎండాకాలంలో వచ్చారు. అప్పటికి మచ్చ కట్టేసింది. కుడికన్నుతో చూస్తే నా ముఖం ఉండాల్సిన చోట ఆమెకు బూడిదరంగు మరక.

"జర నంబరు పెంచుండ్రి మేడం" అన్నాడు సుదర్శన్ గారు.

"అద్దాలతోని రాదు సార్."

ఆయన బిల్లు కౌంటర్ వైపు వెళ్లాక టీచర్ నోరు విప్పింది. "సూదితోని కన్ను పోతే మాకు సంబంధం లేదని ఇంట్ల అందరు ఒక్కటైన్రు. నాగ్గూడ భయమైంది. టెలిస్కోపును పాత సామాన్లోనికి ఏసిండు. గీత వంగిందని నేను ఆ రోజు చెప్పింది నిజమే గద చెల్లె?"

"నిజమే టీచర్."

"గా ముక్క ఆయనకు చెప్పు. నేను చెప్తే ఇంటలేడు."

ఆయన తిరిగి రాగానే చెప్పాను. ఫోన్ చూసుకుంటూనే, "అయిపోయినదానికి ఇప్పుడెందుకు మేడం" అన్నాడు.

జబ్బును ముందే పట్టుకుంటే చూపు దక్కుతుందని మాకు చదువులో చెప్పారు. శారద టీచర్ తన జబ్బును మా స్కాన్ కంటే ముందే పట్టుకుంది. అయినా ఇంట్లో ఆమె మాట చెల్లలేదు, మా స్కాన్ కూడా చెల్లలేదు. ఇంజెక్షన్ మా దగ్గర ఉంది. ఆమెను నమ్మే మనిషిని మేం ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వగలం?