మావయ్య మిలిటరీ లారీ మోత

ఈ కాలపు బండ్లు పక్కనుంచి వెళ్లినా తెలియడం లేదు. మొన్న బందరులో ఒక బ్యాటరీ కారు నా వెనక చేరి ఎంతసేపు నిలబడిందో గాని, అందులోని కుర్రాడు తల బయటపెట్టి "తాతగారూ, కాస్త జరుగుతారా?" అని బతిమాలేదాకా నాకు దాని ఉనికే తెలియలేదు. మేం కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ప్రతి బండికీ ఒక గొంతు ఉండేది. వచ్చేది ఎవరో, ఏ మూడ్‌లో వస్తున్నారో కూడా ఆ గొంతును బట్టి చెప్పేవాళ్లం. దివిసీమ మొత్తానికి పెద్ద గొంతు మా మావయ్య కొన్న పాత మిలిటరీ లారీది. ఆ గొంతు నొక్కగలిగితేనే నాకు పెళ్లి, లేకపోతే లేదు అనే పరిస్థితి ఒకసారి వచ్చిపడింది.

మా మావయ్యది అవనిగడ్డ దగ్గర కాలవ కట్ట మీద ఊరు. గుడివాడ మిల్లులకి ధాన్యం తోలడానికని, మిలిటరీవాళ్లు వాడి వాడి పక్కనపెట్టిన లారీని వేలంలో కొన్నాడు. దాని సీటు కింద ఒక ఖాకీ టోపీ దొరికింది. అసలు చిక్కు లారీతో కాదు, ఆ టోపీతో వచ్చింది. టోపీ పెట్టుకున్న రోజునుంచీ ఆయన ఇల్లు ఇల్లుగా లేదు, క్యాంపు అయింది. మధ్యాహ్నం పూట రేడియో పెట్టకూడదు (బ్యాటరీలు దండగ). అత్తయ్య పక్కింటి వాళ్లతో పేకాడకూడదు (పరువు దండగ). మా మరదలు నవలలు చదవకూడదు (బుర్ర దండగ). చక్కెర జబ్బున్న మా అమ్మమ్మ బందరు లడ్డు వాసన కూడా చూడకూడదు. ఆయన ఎదుట అందరూ తలలూపేవారు. ఇల్లు ఇంత సవ్యంగా నడుస్తున్నందుకు ఆయన టోపీ సర్దుకునేవాడు.

ఆయన బాధల్లా ఆ లారీ మోత ఒక్కటే. స్టార్ట్ చేస్తే కట్టేసిన గేదెలు పలుపులు తెంపుకునేవి. కాలవ లాకు దగ్గర మలుపు తిరుగుతుంటే, ఇంకా అంత దూరాన ఉండగానే, ఇంట్లో అలమారలో గ్లాసులు గలగలమనేవి. నేనప్పుడే బందరులో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వాళ్లింట్లో మకాం వేశాను. (మకాం అక్కడే ఎందుకు వేశానో మా మరదలికి తప్ప అందరికీ తెలుసు అనుకునేవాణ్ణి. ఆవిడకే ముందు తెలుసట.)

ఒకరోజు మావయ్య నన్ను లారీ ముందు నిలబెట్టి, "ఒరేయ్ అల్లుడూ, వచ్చే ఆదివారం గూడూరు వాళ్లు పిల్లని చూసుకోడానికి వస్తామన్నారు. ఈలోగా నువ్వు దీని నోరు మూయించావనుకో, వాళ్లని రావద్దని కబురు పెడతాను. పిల్లని నీకే ఇస్తాను. మూయించలేకపోయావనుకో, నీ డిప్లొమా నువ్వు పట్టుకుని బందరు బస్సెక్కు" అన్నాడు.

నేను అప్పటికే పద్ధతి గల మనిషిని. ఊహాగానాలు చేయను. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, డాక్టరు గుండె విన్నట్టు అంగుళం అంగుళం విన్నాను. మరదలు నా పక్కనే నిలబడి పానాలు అందించేది. చివరికి రోగం దొరికింది. ఇంజను నుంచి సైలెన్సరుకి పొగ తీసుకెళ్లే గొట్టం అతుకు దగ్గర నట్లు వదులైపోయి ఉన్నాయి. దొరికింది కదా అని ఊరుకోకుండా ఆ పిల్లకి పాఠం కూడా చెప్పాను. ఏ నట్టుకి ఏ పానా, ఎటు తిప్పితే ఏమవుతుంది, వేడి మీద ఎందుకు ముట్టుకోకూడదు, అన్నీ.

"అయితే ఎడమవైపు తిప్పితే వదులవుతుందా బావా?" అని అడిగింది.

"శభాష్" అన్నాను. నా పాండిత్యానికి కరిగిపోతోందనుకున్నాను.

నట్లు బిగించాను. లారీ పిల్లిలా గుడివాడ వెళ్లి, మధ్యాహ్నానికి పిల్లిలా తిరిగొచ్చింది. మావయ్య లోపలికి వెళ్లీ వెళ్లగానే ఏవో కేకలు వినిపించాయి. నేను పట్టించుకోలేదు. ఆ పూట అన్నంలో నాకు ఆవకాయ పడలేదు. దాన్ని అత్తయ్య మతిమరుపు కింద జమకట్టాను.

మర్నాడు పొద్దున్న మావయ్య స్టార్ట్ చేస్తే, గేదెలు మళ్లీ లేచి నిలబడ్డాయి. నట్లు వదులు! మధ్యాహ్నం లారీ తిరిగొచ్చాక మళ్లీ బిగించాను. మర్నాడు మళ్లీ వదులు. నా డైరీలో ఆ వారం పేజీలు చూస్తే ఇప్పటికీ జాలేస్తుంది. 'కట్ట మీది గుంతల వల్ల కావచ్చు' అని ఒక రోజు, 'నట్ల నాణ్యత' అని ఒక రోజు. అమ్మమ్మ మాత్రం "దిష్టిరా నాయనా, మనిషి చేసేదేం లేదు" అని తన చేత్తోనే నిమ్మకాయలు కట్టింది. శుక్రవారం నాటికి నేనొక కొత్త సిద్ధాంతం కనిపెట్టాను. ఇంజను చల్లారేటప్పుడు నట్లు వాటంతటవే వదులవుతూ ఉండాలి! కళ్లారా చూద్దామని, మావయ్య అన్నం తిని పడుకున్నాక, లారీ కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను. విజ్ఞానశాస్త్రానికి కూడా కునుకు పడుతుంది కాబోలు, నాకూ పట్టింది.

పట్టీల చప్పుడుకి మెలకువ వచ్చింది. తడిగుడ్డ చుట్టుకున్న చెయ్యొకటి లోపలికి వచ్చింది. అందులో పానా ఉంది. అది తడుముకోకుండా సరైన నట్టు మీద కూర్చుని, ఎడమవైపు తిరిగింది. అచ్చం నేను చెప్పినట్టే!

"ఏంటే ఇది!" అన్నాను.

చెయ్యి ఆగింది. దాని వెనకాలే మా మరదలి మొహం వంగింది. "అరవకు బావా, నాన్న లేస్తాడు."

"నా పెళ్లి చెడగొడుతున్నావు, తెలుస్తోందా?"

"నీ ఒక్కడి పెళ్లేనా అది? నాది కాదూ? నువ్వూ నాన్నా బేరం కుదుర్చుకున్నారు సరే, నన్నెవరడిగారు?"

నేను పాక్కుంటూ బయటికొచ్చేసరికి గుమ్మంలో అత్తయ్య, అరుగు మీద అమ్మమ్మ కాపలా కాస్తున్నారు.

"లాకు దగ్గర మోత వినపడితే ముక్కలు సర్దుకుని, పక్కింటావిణ్ణి దొడ్డిదారిన పంపేదాన్ని నాయనా" అంది అత్తయ్య గుసగుసగా. "మొన్న నీ పుణ్యమా అని చేతిలో ముక్కలతో దొరికిపోయాను."

"నా సంగతి చెప్పవేం?" అంది అమ్మమ్మ. "లడ్డు సగం నోట్లో ఉండగా వాడు ఎదురుగా నిలబడ్డాడురా. దవడన పెట్టుకుని పన్ను నొప్పిరా అన్నాను. నీకు పన్నెక్కడిదే అమ్మా అన్నాడు!"

మరదలు పానా నా చేతిలో పెట్టి, "ఇప్పుడు నువ్వే ఆలోచించుకో. ఆ మోత ఆపేస్తే నేను నిన్ను చేసుకోను" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆపకపోతే తండ్రి ఇవ్వడు. ఆపితే కూతురు చేసుకోదు. డిప్లొమాలో ఈ పాఠం లేదు. ఆ సాయంత్రమంతా కాలవ గట్టున కూర్చుని, లాకు మీదుగా వెళ్లే ఎడ్లబండ్లనీ సైకిళ్లనీ చూస్తూ ఆలోచించాను.

శనివారం పొద్దున్నే ఆ అతుకులో కొత్త ప్యాకింగ్ వేసి, నట్టు మీద నట్టు బిగించి, మావయ్యకి తాళం ఇచ్చాను. "మోత ఇక రాదు. కానీ మావయ్యా, ఒక్క సంగతి. మిలిటరీ బండి చప్పుడు చేయకుండా క్యాంపులోకి రాకూడదు. కాపలావాడు శత్రువనుకుంటాడు. దూరంగా మలుపు దగ్గరే మూడుసార్లు పొడుగ్గా హారన్ కొట్టి రావాలి." (ఇలాంటి నియమం ఏ సైన్యంలోనైనా ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.)

మావయ్య టోపీ సర్దుకుని, "ఆ మాత్రం నాకు తెలీదనుకున్నావురా?" అన్నాడు.

మావయ్య గుడివాడ వెళ్లాడు, తిరిగొచ్చే మధ్యాహ్నం వేళయింది. ఆడవాళ్లు ముగ్గురూ నన్ను కోర్టులో ముద్దాయిని చూసినట్టు చూస్తూ, పేకముక్కలతో, లడ్డుతో, నవలతో తమ తమ చోట్ల కూర్చున్నారు. పొద్దు నడినెత్తి దాటింది. అప్పుడు లాకు వైపునుంచి ఒక హారన్, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మరీ పొడుగ్గా మూడోది వినిపించాయి. అత్తయ్య ముక్కలు సర్దింది. అమ్మమ్మ తొందరపడకుండా లడ్డు ఆఖరి ముక్క నమిలి, మూతి కడుక్కుని, చేతిలోకి జపమాల తీసుకుంది. మరదలు నవల బియ్యం డబ్బాలో దాచి, మొదటిసారి నా వైపు తిన్నగా చూసింది.

"ఇప్పుడు అడుగుతున్నాను. చేసుకుంటావా?" అన్నాను.

"పోనీ, అడిగేవాడు ఒక్కడైనా ఉన్నాడు" అంది.

లారీ అమ్మేశాక కూడా మావయ్య సైకిల్ మీద వస్తూ లాకు దగ్గర మూడుసార్లు బెల్లు కొట్టడం మానలేదు.

తర్వాత గుడివాడలో కాపురం పెట్టాక నేనొక పాత స్కూటర్ కొన్నాను. కొన్నాళ్లకి దాని సైలెన్సరు దగ్గర మోత మొదలైంది. పానా తీసుకుని కూర్చోబోతుంటే మా ఆవిడ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. "ఇప్పుడేం తొందరండీ? ఉండనివ్వండి. వినడానికి నాకు బాగానే ఉంది" అంది. ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, పానా పెట్టెలో పెట్టేశాను. నేను లేనప్పుడు మా ఇంట్లో ఏం జరిగేదో అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. ఆ స్కూటర్ ఎప్పుడో పోయింది. సాయంత్రాలు నడిచే తిరుగుతున్నాను. వీధి గేటు ముందు ఆగి, గట్టిగా రెండుసార్లు దగ్గుతాను. నాకు దగ్గేం లేదు, ఆరోగ్యం శుభ్రంగా ఉంది. లోపల ఏదో డబ్బా మూత పడిన చప్పుడు వినపడ్డాక, నెమ్మదిగా గేటు తీస్తాను.