లేని బర్రెకు ప్రార్థన

ఎందుకు మారావని నన్ను అడిగేవాళ్లలో చాలామందికి నా జవాబుతో పనిలేదు. జవాబు వాళ్లే తెచ్చుకుంటారు, నాతో ఔననిపించుకుని పోదామని వస్తారు. ఒకాయన నాకు చర్చివాళ్లు బియ్యం బస్తాలు ఇస్తున్నారని తేల్చేశాడు. ఇస్తే బాగుండేదని నేనూ అన్నాను. ఇంకొకాయన ఎవరో అమ్మాయి వెనక పోయి ఉంటానన్నాడు. అప్పటికే నాకు ఇద్దరు పిల్లలు, ముందు పళ్లలో ఒకటి లేదు. ఆ మాట విని నా భార్య మూడు రోజులు నవ్వింది. అంత నవ్వడానికి అందులో ఏముందో నాకైతే అర్థం కాలేదు.

నాది బోధన్ రోడ్డు మీద పంచర్ షాపు. ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం వదిలేసుకున్నాక ఈ పనిలో పడ్డాను. చెరుకు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో షాపు ముందు ట్రాక్టర్లు వరుస కట్టేవి. ఇప్పుడు వడ్ల ట్రాక్టర్లు, స్కూలు బస్సులు, మోటర్ సైకిళ్లు. పని తగ్గింది గానీ నోరు తగ్గలేదు. ట్యూబు మీద అతుకు ఆరేలోపు బండి ఆయనను నాలుగు మాటలు అనకపోతే నాకు చేతులాడవు.

పక్కనే వెల్డింగ్ చేసే భాయ్‌ది ఇంకో బాధ. "మా మస్జిద్ నీ దుకాణానికి ఇరవై అడుగులు లేదు. నువ్వేమో చర్చికని పది కిలోమీటర్లు పోతున్నవ్. పెట్రోల్ దండుగ గాదా?" అని అడిగాడు.

"మీకాడ తెల్లారకముందే లేవాలె భాయ్. గాడ వారానికొక్కనాడే."

"అంటే నిద్ర కోసం దేవుణ్ణి ఎంచుకున్నవన్నట్టు," అని వెల్డింగ్ అద్దం ముఖం మీదికి లాక్కున్నాడు. ఆయనకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో ఆ అద్దం వెనక కనబడలేదు.

వీళ్లందరి ప్రశ్నలూ ఒక ఎత్తు, నన్ను కన్న మా అవ్వ ఒక ఎత్తు. అవ్వ ఎందుకని అడగనే లేదు. మా చర్చిలో బాప్తిస్మం తీసుకునే ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఇంతకుముందు ఎలా ఉన్నావు, ఏది విడిచి వచ్చావు, ఎందుకు వచ్చావు అని. చాలామంది చీకట్లో ఉన్నాను, రాళ్లకు మొక్కాను అని మొదలుపెడతారు. ఈ సంగతి ఎవరో అవ్వ చెవిన వేశారు. పోశమ్మకు బోనం ఎత్తని ఏడు లేదు ఆమె జీవితంలో. బాపు పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటుంది. ఆ ఆదివారం ఇంకో వారం ఉందనగా నేను అన్నం తింటుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నువ్వేడికన్న పో కొడుకా, నేనొద్దన. ఆ దినం నేను గూడ వస్త, ఎన్కకు కూసుండి నీ మాటలింట. పోశమ్మను ఒక్క మాటన్నవనుకో, ఆన్నుంచి ఆన్నే వర్ని ఆటో ఎక్కుత. వర్నిల మీ అక్కింట్ల ఉంట. మల్ల నీ గడప తొక్క."

అవ్వ అన్నదంటే చేస్తుంది. బాపు ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువైందన్నందుకు నెల రోజులు చప్పటి కూరే వండింది. ఆ పూట కూర ఎలా ఉన్నా నేను ఉప్పు మాట ఎత్తలేదు.

అసలు నేను మొదటిసారి చర్చికి వెళ్లింది వెనక టైరు కోసం. ఒక ఆదివారం పాస్టర్‌గారి బండి చర్చి ముందే పంచరైందని ఫోన్ వచ్చింది. సామాను సంచి వేసుకుని వెళ్లాను. అతుకు వేసి, ఆరేదాకా గుమ్మం పక్కన కూర్చున్నాను. లోపల ప్రార్థన మనవులు నడుస్తున్నాయి. అంటే ఎవరికి ఏ కష్టముంటే అది లేచి చెప్పడం, మిగతావాళ్లు దానికోసం ప్రార్థన చేయడం. ఒకామెకు మోకాళ్లు, ఒకాయన కొడుకు దుబాయి వీసా. అప్పుడు వరి నాట్లు వేసి వేసి నడుము వంగిపోయిన ఒక ముసలామె, అందరూ పెద్దమ్మ అంటారు, చాప మీద పక్కకు జరిగి నా మసి చేతుల వైపు చూసింది. నీకేమన్నా ఉందా బిడ్డా అని అడిగింది.

నా నోరు నాకంటే ముందు లేచింది. "నా బర్రె పాలిస్తలేదు పెద్దమ్మా," అన్నాను.

నాకు బర్రె లేదు. మా ఇంట్లో బర్రె ఉండి ఇరవై ఏళ్లు దాటింది. నవ్వుతారనుకుంటే ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ కళ్లు మూసుకుని నా బర్రె కోసం చాలాసేపు ప్రార్థన చేసింది. దాని కడుపులో ఏమైనా బాధ ఉందేమో చూడమంది, మేత సరిగా దొరికేలా చేయమంది. నేను టైరు బిగించి బయటపడ్డాను.

తర్వాతి వారం పాస్టర్‌గారు షాపు ముందు బండి ఆపి, పెద్దమ్మ నీ బర్రె ఎలా ఉందో కనుక్కోమన్నది అన్నాడు. ఇది ఎన్ని వారాలు నడుస్తుందో చూద్దామని ఆ ఆదివారం వెళ్లాను. మళ్లీ ప్రార్థన చేశారు. ఆ పై వారం కూడా వెళ్లాను. నాలుగో వారానికి నాకే జాలేసి, ఇప్పుడు పూటకు అర లీటరు ఇస్తున్నదని చెప్పాను. ఆ అర లీటరుకు చర్చి మొత్తం చప్పట్లు కొట్టి దేవునికి స్తోత్రం చెప్పింది. మోకాళ్ల నొప్పి ఆమె కూడా కొట్టింది. ఆమెకు మోకాళ్లు తగ్గలేదు, అయినా నా బర్రె పాలకు సంతోషపడింది. జీవితంలో మొదటిసారి, నేను వేసిన జోకు నా గొంతులోనే అడ్డం పడింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక బుధవారం పెద్దమ్మ షేరింగ్ ఆటోలో మా ఊరు వచ్చి, తవుడు మూటతో మా ఇంటి ముందు దిగింది. బర్రె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పోదామని. నేను షాపులో ఉన్నాను. అవ్వకు ముందు ఏమీ అర్థం కాలేదట. అర్థమయ్యాక మాత్రం తడుముకోకుండా, బర్రెను మేతకు తోలారని చెప్పింది. కొడుకు పరువు కదా. పెద్దమ్మ కూర్చుని, అవ్వ ఇచ్చిన పాలు లేని చాయ్ తాగి, తవుడు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. నేను ఇంటికి రాగానే అవ్వ పట్టుకుంది. "బర్రె ఏడదిరా? ఈ వయసుల నాతోని అవద్దమాడిపిస్తివి," అంది. తవుడు మా కోళ్లు తిన్నాయి.

ఆ వచ్చే ఆదివారం కూడా పెద్దమ్మ ఎప్పటిలాగే, ఈ బిడ్డ బర్రెను చూడు తండ్రీ అని ప్రార్థించింది. నేను తలెత్తలేదు.

అప్పుడే గుడ్ ఫ్రైడే వచ్చింది. పాస్టర్‌గారు సిలువ కథ చెప్పాడు. కొట్టారు, మేకులు దించారు అన్నదంతా నాకు ముందే తెలుసు, గోడల మీద బొమ్మల్లో చూసిందే. తెలియనిది ఒకటుంది. అంతకుముందు ఆ సిపాయిలు ఆయనకు రాజు బట్ట కప్పి, ముళ్ల కిరీటం పెట్టి, చేతికి ఒక కర్ర ఇచ్చి, ముందు మోకాళ్లూని దండం పెట్టి గేలి చేశారట. నేను ఉలిక్కిపడ్డాను. అది నా పని. రోడ్డు మీద రోజూ నేను చేసేది అదే, కిరీటం ఒక్కటి తక్కువ. ఆయన వాళ్లను తిరిగి ఒక్క మాటా అనలేదట, వాళ్లను క్షమించమని పైనున్న తండ్రిని అడిగాడట. ఇంటికి పోయాక కూడా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నా భార్య జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

ఇదీ నా కారణం. మతాలన్నీ పక్కపక్కన పెట్టి తూకం వేసి ఏరుకున్నది కాదు. మిగతా దేవుళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. నాలాంటివాడు ఎదురైతే ఏం చేస్తాడన్నది మాత్రం నాకు ఈయన దగ్గర తెలిసింది.

సాక్ష్యం రోజున అవ్వ గుమ్మం దగ్గరే కూర్చుంది, చెప్పులు చెయ్యి చాస్తే అందేలా పెట్టుకుని. నేను లేచాను. ప్రార్థనతో తగ్గిన పెద్ద రోగమేం నాకు లేదని, తాగుడు లేదని, కాబట్టి చెప్పడానికి అద్భుతమేం లేదని మొదలుపెట్టాను. చీకట్లో ఉన్నానని చెబుదామంటే మా ఇంట్లో కరెంటు ఉందన్నాను. కొందరు నవ్వారు. పాస్టర్‌గారు నవ్వలేదు. అవ్వ చూపు నా నోటి మీదే ఉంది.

"మా అవ్వ పోశమ్మకు మొక్కుతది," అన్నాను. "నాకు చిన్నప్పుడు తట్టు పోసింది. పోశమ్మనే కాపాడిందని అవ్వ అంటది. వేపమండ పట్టుకొని నా పక్కనుండి లేవకుండ కూసున్నది మా అవ్వ. గా కూసున్నదాన్ని నేను తప్పని ఎట్లంట? నేను దాన్ని తిట్టి రాలే. నాకు ఇక్కడ దొరికింది చెప్పి పోదమని వచ్చిన."

ఆ తర్వాత బర్రె సంగతి చెప్పాను. బర్రె లేదని, మొదటి రోజు కూడా లేదని, మిమ్మల్నందరినీ గేలి చేశానని. అవ్వ ఆడిన అబద్ధం మాత్రం చెప్పలేదు. బాప్తిస్మం ఇక ఇవ్వరనుకున్నాను.

పెద్దమ్మ చాప మీద నుంచి లేవకుండానే అంది, "నీ ఇంటికి వచ్చిన దినమే ఎరుకైంది బిడ్డా. గుంజ లేదు, పెండ లేదు, చాయ్‌ల పాలు లేవు."

"మరి ఆ తర్వాత గూడ చేస్తివి గద ప్రార్థన?"

"బర్రెకెవరు చేసిండ్రు? తాడు తెంపుకొని ఊరంత తిరిగే నీ నోటికి చేసిన. ఇంక శానా చేసేదున్నది."

చర్చి కప్పు లేచిపోయేంత నవ్వు. పాస్టర్‌గారు తల వంచుకున్నాడు, భుజాలు కదలడం నేను చూశాను. అదే రోజు నా తల మీద నీళ్లు పడ్డాయి.

బయటికొచ్చాక అవ్వ అందరికంటే ముందు నడిచింది. ఆటో స్టాండులో వర్ని ఆటోకు ఒక్క మనిషి తక్కువ, డ్రైవర్ ఊరి పేరు పెట్టి పిలుస్తున్నాడు. అవ్వ దాని ముందు ఆగింది. నేను పోశమ్మను ఏమీ అనలేదు కదా అని అడగబోయి ఆగాను.

"గా ముసలామెకు నా అవద్దం గూడ ఎరుకే," అంది అవ్వ. "అందరి ముందట నా మాట తియ్యలే." ఆటో కడ్డీ పట్టుకుని, "ఒకటి సెప్పు. మీ బాపు పేర్న పెత్రమాసకు బియ్యం ఇస్తున్నవ్. రేపు నేను పోతె నా పేర్న ఇస్తవా, ఇయ్యవా?"

పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇవ్వడం మా ఇంట్లో ఎన్నడూ తప్పలేదు. ఇన్ని రోజులూ అవ్వ భయం పోశమ్మ గురించి కాదని అప్పుడు తెలిసింది.

"ఎరుక లేదవ్వా. అడుగాలె."

"పాస్టరునడుగకు, పుస్తకం సూసి సెప్తడు. గా ముసలామెనడుగు." అని, ఎదురుగా ఉన్న మా ఊరి ఆటో ఎక్కి కూర్చుంది.

అడిగాను. పెద్దమ్మ నాకు జవాబు చెప్పలేదు. ఆ బుధవారమే మళ్లీ మా ఇంటికి వచ్చి, అవ్వ పక్కన కూర్చుని, నన్ను షాపుకు పొమ్మంది. అప్పటినుంచి నెలకోసారైనా వస్తుంది. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకుంటారు, నేను గడపలోకి రాగానే మాట మారుస్తారు. వాళ్లు ఏం తేల్చారో నాకింకా చెప్పలేదు.