ఓనరమ్మ తోమిన అగర్ ప్లేట్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు తెలిసినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.) ఉద్యోగ పరీక్షల కోచింగ్ కోసమని తెనాలి దగ్గర మా ఊరి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చినవాణ్ణి, మూడో నెలలోనే లెక్కల క్లాసుకు ఎగనామం పెట్టి, నా భవిష్యత్తంతా పుట్టగొడుగుల్లోనే ఉందని తేల్చేసుకున్నాను. ఫోన్లో చూసిన వీడియోలే నా గురువులు. కొత్తపేటలో మేముండేది మూడంతస్తుల ఇంటి మిద్దె మీద రేకుల గది. ఓనరమ్మ దాన్ని పెంట్‌హౌస్ అనేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మేమూ అలాగే అనేవాళ్లం. మేమంటే నేనూ, నా రూమ్మేటూ. అతడిది మిర్యాలగూడ పక్కన పల్లె. గ్రూప్ టూ పరీక్షకు మూడోసారి చదువుతున్నాడు గనక అందరూ అతణ్ణి ‘గ్రూప్ టూ’ అనే పిలిచేవారు.

నేను కోచింగ్ మానేసిన సంగతి ఎలాగో నాన్న చెవిన పడింది. ఆయనకు ఊళ్లో ఎరువుల కొట్టు ఉంది. ఆయన కేకలు వేయలేదు. “ఈ నెలాఖరు ఆదివారం వస్తున్నా. చేస్తున్నదేంటో చూపించు. చూపించడానికేమీ లేకపోతే బట్టలు సర్దుకుని నాతో వచ్చెయ్, కొట్లో కూర్చుందువు గాని,” అన్నారు. కేకలే నయం.

వెంటనే తయారుగా దొరికే అగర్ ప్లేట్లు ఎనిమిది తెప్పించాను. అరచేయంత గుండ్రటి మూత గిన్నెలు, లోపల తేనెరంగు జెల్లీ. (ఇంట్లో చైనా గ్రాస్ అంటామే, అదే, కాకపోతే పుట్టగొడుగుకు ఇష్టమైన తిండి కలిపి, క్రిములు లేకుండా చేస్తారు.) తాజా పుట్టగొడుగును చీల్చి, లోపలి కండలోంచి బియ్యపుగింజంత ముక్క తీసి ఆ జెల్లీ మీద పెడితే, చుట్టూ తెల్లటి నూలుపోగుల్లా అల్లుకుంటుంది. దాన్నుంచే విత్తనం. నియమం ఒకటే: గాలి కదలకూడదు. లోపలిది కనిపించే ప్లాస్టిక్ తొట్టికి రెండు బొక్కలు పెట్టి, దాన్ని బోర్లించి, చేతులు అందులోకి దూర్చి పని మొదలుపెట్టాను. నాలుగో ప్లేటు మూత తీసేసరికి గ్రూప్ టూ, “అరే, ఉడికి సస్తున్న, జర గాలన్న ఆడనియ్యి రా,” అంటూ ఫ్యాన్ వేశాడు. నా చేతులు తొట్టిలో ఉన్నాయి కాబట్టి అతడు బతికిపోయాడు.

ఆ రోజు ఆరు ప్లేట్లు వాడాను. మిగిలిన రెండూ ఓనరమ్మ ఫ్రిజ్‌లో దాచాను. వారం తిరిగేసరికి నాలుగు ప్లేట్లు పచ్చగా బూజుపట్టి పాడైపోయాయి. కానీ రెండింటిలో మాత్రం తెల్లగా, ఏకిన దూదిలాగా అల్లుకుంది చూడండీ, ఆ అందం చెప్పలేను. నాన్నకు ఫోన్ చేసి, “మల్లెపూవులా ఉంది, వచ్చి చూడండి,” అన్నాను. పాడైన నాలుగూ అప్పుడే పారేయాల్సింది. బద్ధకించాను.

సోమవారం నేను బయటి నుంచి వచ్చేసరికి ఓనరమ్మ మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తోంది. గది తలుపు బార్లా తీసి ఉంది. కుళాయి పక్కన రెండు ప్లేట్లు తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి.

“ఆంటీ, ఇవి...”

“గిన్నెలల్ల తెల్లగ బూజు పట్టింది నాయనా. మొగపిల్లలు, మీకేం తెలుస్తది? సబ్బు పెట్టి తోమిన. ఆ పచ్చగున్నయి మాత్రం ముట్టలే. మంచిగ మొలకలొస్తున్నయి.”

గోడకానుకుని కూలబడ్డాను. సంగతి వివరించింది నా వెనకే మెట్లెక్కి వచ్చిన గ్రూప్ టూ. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అయ్యో, నీ పంటంత నేనే తోమేసిన్నా బిడ్డా!” అంది. మరు నిమిషం నన్ను రైతుబజారుకు లాక్కెళ్లి, తాజా పుట్టగొడుగుల డబ్బా ఏరించి, “మిగిలిన రెండు నా ముంగట చెయ్యి, ఎట్ల చేస్తవో చూస్త,” అని తన వంటింట్లో కూర్చోబెట్టింది.

చూస్తానన్నదే గానీ, చూస్తూ కూర్చోలేదు. నేను ముక్కను రెండుసార్లు జారవిడిచేసరికి, నా చేతిలోని చిన్న పట్టకారు లాగేసుకుంది. “పచ్చడి కలిపేటప్పుడు గింత ఆగమైతమా? ఫ్యాన్ బంద్. కిటికీ బంద్. నోరు బంద్.” జబ్బల దాకా చేతులు కడిగి, ముక్కుకు గుడ్డ కట్టుకుంది. సన్నని పిండితాడును చేత్తో మెలితిప్పుతూ వందల సకినాలు చుట్టిన చెయ్యది. తొట్టిలోకి వెళ్లి, మూత ఓరగా ఎత్తి, ముక్క పెట్టి, బయటికి వచ్చేసింది. ఊపిరి బిగబట్టింది నేనూ, గ్రూప్ టూనే.

ఒక ప్లేటు చెడిపోయింది. రెండోదాంట్లో శనివారం పొద్దున చిటికెనవేలి గోరంత తెలుపు కనిపించింది. మూడంతస్తులూ చెప్పుల్లేకుండా దిగి, “ఆంటీ, పుట్టింది!” అని అరిచాను. పక్కింటివాళ్లు ఎవరికి, ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగారు.

ఆదివారం నాన్న ఎల్బీనగర్‌లో బస్సు దిగి వచ్చారు. ప్లేటును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. “ఏరా, మల్లెపూవన్నావు. ఈ గోరంతకా కోచింగ్ మానేసింది?”

చాయ్ తెచ్చిన ఓనరమ్మ అందుకుంది. “అన్నా, పిలగాని తప్పేం లేదు. మంచిగ పెరిగినయి రెండుండె. బూజనుకోని నేనే సబ్బుతోని తోమిన.”

నాన్న ఆమె వంక చూశారు, నా వంక చూశారు. ఆపైన భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. “ఒకసారి మొలక ఎంతొస్తుందో చూద్దామని వరి విత్తనాలు తడిగుడ్డలో చుట్టి పెడితే, మా ఆవిడ నానిపోయి పాడైన గింజలనుకుని కాకులకు వేసిందమ్మా. పెంచేవాళ్ల ఇళ్లన్నీ ఇంతే.” కళ్లు తుడుచుకుని నాతో, “మూడు నెలలు. తర్వాత మళ్లీ వస్తా,” అన్నారు.

మళ్లీ వచ్చినప్పుడు ఆయన భోంచేసింది మా మిద్దె మీద కాసిన పుట్టగొడుగుల కూరే. వండింది ఓనరమ్మ. కారం ఎక్కువైందని ముక్కు చీదుకుంటూనే రెండోసారి వడ్డించమన్నారు.

ఇప్పుడు ఎల్బీనగర్ దాటాక నాకో షెడ్డుంది. గాలిని వడకట్టే యంత్రం ముందు కూర్చుని వారానికి వంద ప్లేట్లు చేస్తాను. తొంభైకి పైగా తెల్లగానే వస్తాయి. చూసి, తేదీ రాసి, పక్కన పెడతాను. అప్పుడప్పుడు మాత్రం, గోరంత తెలుపు కోసం మెట్లన్నీ ఒక్క ఊపున దిగిన ఆ వెర్రివాడు గుర్తొస్తాడు. వాడికి ఇంత పనితనం లేదు. నాకేమో అంత పరుగు లేదు.