టైలరమ్మ ముందుపళ్ళు

టుక్. తెర వెనక దారం తెగిన చప్పుడు. ఎండుటాకు కాడ విరిగినంత సన్నగా. ఆ తర్వాతే టైలరమ్మ బయటికి వచ్చేది, మెడలో టేపు, పెదవి మీద దారపు పోగు. కత్తెర పక్కనే ఉన్నా దారాన్ని ముందుపళ్ళతోనే కొరికేది. కత్తెర వెతికేలోగా నాలుగు కుట్లు పడతాయని ఆమె వాదన.

ఆ పళ్ళంటేనే ఆమెకు పడదు. ఎత్తుపళ్ళు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. పెళ్ళి ఫొటోలో కూడా పెదవులు బిగించుకునే ఉంది. నలభై దాటాక, కూతురు ఉద్యోగంలో చేరాక, క్లిప్పులు వేయించుకుంది.

"ఈ వయసులో పళ్ళకి కంచె ఏంటే?" అన్నాడు భర్త.

"నా నాలుక దూకి నీ మీద పడకుండా," అంది. ఆ రోజు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

మొదట్లో తీగ బిగించినప్పుడల్లా మెత్తటి తిండే గతి. తర్వాత నొప్పి ఎటో వెళ్ళిపోయింది. పళ్ళు మాత్రం నీడ జరిగినంత నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. దారం కొరకొద్దని, మధ్యలో ఒకసారి ఎక్స్‌రే తీయాలని పళ్ళ డాక్టరమ్మ చెప్పింది. పెద్దవాళ్ళ పళ్ళు జరిపేటప్పుడు లోపల వేరు కొస అరగొచ్చు, అరిగినా నొప్పి తెలియదు అంది. టైలరమ్మ తల ఊపింది. దుకాణానికొచ్చి తెర వేసుకుంది. లోపల మళ్ళీ టుక్.

ఎక్స్‌రేని ఒకసారి స్కూలు యూనిఫారాల పేరు చెప్పి, ఇంకోసారి కర్టెన్ల పేరు చెప్పి దాటవేసింది. నొప్పే లేనప్పుడు లోపల చూసేదేముంది అని నాతో అనేది.

చివరికి డాక్టరమ్మ పట్టుబట్టాక, ఎదురింటిదాన్ని కదా, నన్ను తోడు తీసుకెళ్ళింది. వెలుగుతున్న తెర మీద వెనకపళ్ళ వేర్లు మేకుల్లా లోతుగా దిగి ఉన్నాయి. ముందు నాలుగు మాత్రం వాడి పారేసిన సుద్దముక్కల్లా మొండిగా. లాగడం ఆపేస్తున్నానంది డాక్టరమ్మ. అరిగిన వేరు మళ్ళీ పెరగదు. ఇక్కడితో ఆగితే ఉన్న వేరు మీదే పళ్ళు చాలాకాలం నిలవచ్చు, కొంచెం ఎత్తు మిగిలిపోతుంది. ఇంకా లాగితే ఊడినా ఊడొచ్చు.

తిరిగొస్తూ దారి పొడవునా టైలరమ్మ షాపుల అద్దాల్లో నోరు చూసుకుంది. ఒక అద్దం ముందు ఆగి, ముందుపన్నుని వేలితో మెల్లగా నొక్కింది. నావైపు చూసింది.

కొన్ని నెలల తర్వాత కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వెళ్ళాను. ఆమె రొట్టెముక్కని పక్కపళ్ళతో నములుతోంది. ముందుపళ్ళు అప్పటికంటే లోపలికి వెళ్ళాయి. వాటి మీద కొత్త తీగ మెరుస్తోంది. ఆపేశారు కదా అన్నాను.

"వేరే డాక్టర్ దగ్గర చేరాను చెల్లీ. ఆయన ఎక్స్‌రే ఊసే ఎత్తలేదు. ఇంకొంచెమే ఉందట. అసలు నొప్పే లేదు."