స్ప్రాగ్ గారు ఎంచిన గులాబీలు

"తలుపు రంగుకి సరిపోయే గులాబీలు కొంటారా ఎవరైనా? అవి పువ్వులా, పరదా గుడ్డలా?" ఎనిడ్ అరుస్తోంది.

"రంగు చూడకుండా కొనడానికి అవేమైనా బంగాళాదుంపలా?" అన్నాడు ఆమె మొగుడు బర్నార్డ్ స్ప్రాగ్.

గోడకి ఇవతల టీ తాగుతున్న పక్కింటి కోలిన్‌కి ఈ గొడవ కొత్తేం కాదు. ఇళ్ళ బీమా కంపెనీలో పనిచేసి రిటైరైన స్ప్రాగ్, పెళ్ళిచూపుల్లో పిల్లకంటే ముందు వాళ్ళింటి పైకప్పు చూశాడని ఊళ్ళో చెప్పుకుంటారు. పైకి కనబడేదే చూసే అలాంటి మనిషికి ప్లాస్టిక్ గులాబీలు చాలు. కానీ చలికాలమంతా నర్సరీ క్యాటలాగు ముందేసుకుని, బొమ్మల్లో నిండుగా ఉన్న రకాలన్నిటికీ టిక్కులు పెట్టాడు. వాసన గురించి రాసింది చదవనేలేదు.

జూన్‌లో, ఊరంతా తమ తోటలు తెరిచి చూపించుకునే ఆదివారానికి, ఆ పువ్వులు నిజంగానే బ్రహ్మాండంగా విచ్చుకున్నాయి. కానీ అక్కడ గులాబీని మెచ్చుకోవాలంటే ముందు ముక్కు పెట్టి చూడాలి. పాస్టరు గారి భార్య వంగి పీల్చింది. అనుమానమొచ్చి మళ్ళీ పీల్చింది.

"ఎంత శుభ్రంగా ఉన్నాయండీ!" అనేసి కేకు బల్ల వైపు నడిచింది. వెనకొచ్చినవాళ్ళూ అంతే. ఎనిడ్ నవ్వు దాచుకోలేదు.

కాసేపటికి స్ప్రాగ్ తల గోడ మీద ప్రత్యక్షమైంది.

"కోలిన్, మీ పాత గులాబీ తీగ పిచ్చిగా పెరిగినా వాసన ఘుమఘుమలాడుతుంది కదా. నాలుగు కొమ్మలు గోడ అంచుదాకా వంచి కట్టవోయ్. పువ్వులు మాత్రం ఇటు కనబడనీయకు."